‘అమ్మా, తెల్లారిపోయింది లే!’

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఎండాకాలం మొదలైంది, పిల్లలు ఐదింటికే లేచి కూర్చుంటున్నారు, మా నిద్ర గోవిందా అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు నెట్టేసి, ఈ పేజీ మొత్తం తెల్లవారుజాము బాధితులకే ఇచ్చేస్తున్నాను. నేనూ ఒకప్పుడు ఆ సంఘంలో సభ్యురాలినే.

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్ళు. చలికాలమంతా ఆరున్నర దాకా హాయిగా పడుకున్నవాడు ఇప్పుడు ఐదుంబావు కాకుండానే మంచం మీద నిలబడి కేకలేస్తున్నాడు. మంచి బ్లాకవుట్ కర్టెన్ కొన్నాం, ముదురు నీలం, చాలా మందం. తేడా ఏమీ లేదు. వాడు లేచాక చేసేదేముంది, పాలు ఇచ్చి, హాల్లో కూర్చోబెట్టి, ఫోన్లో బొమ్మలు పెట్టి నేను సోఫాలో ఇంకో కునుకు తీస్తున్నాను. కర్టెన్ డబ్బులు దండగేనా?

జవాబు: దండగ కాదు. కాకపోతే సగం పనే అయింది, అది కూడా ఇంకా సరిగ్గా కాలేదని నా అనుమానం. ముందు ఒక పని చేయండి. రేపు నాలుగున్నరకి అలారం పెట్టుకుని (తిట్టుకోకండి, ఒక్కరోజే) బాబు గదిలోకి వెళ్ళి, వాడి పక్కన చోటు చేసుకుని, వాడి తల ఉండే ఎత్తులోనే తల పెట్టి అరగంట పడుకోండి. గుమ్మంలో నిలబడి చూస్తే ఏ గదైనా చీకటిగానే ఉంటుంది. మా అమ్మాయి చిన్నప్పుడు నేను ఇలా పడుకున్న రోజున తెలిసింది, కర్టెన్ కడ్డీకి పైన రెండు వేళ్ళ సందుందని, ఆ సందులోంచి వచ్చే వెలుతురు తిన్నగా కప్పు మీద పడి గదంతా పరుచుకుంటోందని. పక్కన గోడకీ గుడ్డకీ మధ్య ఇంకో సందు. అందులోంచి పెన్సిల్ గీతంత వెలుతురు దిండు మీద మొదలై, పావుగంటలో అరచేయంత వెడల్పై, పిల్ల చెవి దగ్గరికి పాకింది. సరిగ్గా అప్పుడే అది కళ్ళు నలుపుకుంటూ లేచింది. కర్టెన్ మాత్రం మీదానిలాగే చాలా మందం!

ఇంత చిన్న వెలుతురుకే ఎందుకు లేస్తారంటే, నిద్రలో మొదటి మూడో వంతులోనే గాఢనిద్ర చాలావరకు అయిపోతుంది. నాలుగు దాటాక మిగిలేది పలచటి నిద్ర, కలల నిద్ర. పగలంతా పేరుకున్న నిద్రమత్తు అప్పటికి దాదాపు తీరిపోయి ఉంటుంది, ఒంటి వేడి కూడా మెల్లగా పెరగడం మొదలవుతుంది. ఆ టైమ్‌లో పెద్దవాళ్ళమైనా రెండు మూడుసార్లు పైకి తేలి, అటు తిరిగి మళ్ళీ పడుకుంటాం, పొద్దున్నకి అది గుర్తు కూడా ఉండదు. పిల్లలూ అంతే. చీకటిగా ఉంటే అటు తిరిగి పడుకుంటారు, వెలుతురు కనిపిస్తే తెల్లారిందనుకుంటారు. ఇంకో సంగతి, కంటి వెనకపొరలో బొమ్మలు చూడ్డానికి కాకుండా, పగలా రాత్రా అని మెదడుకి కబురు పంపడానికే పనిచేసే కణాలు కొన్ని ఉన్నాయి. ఇవి 2002 ప్రాంతంలో బయటపడ్డాయి. నీలం ఛాయ ఉన్న వెలుతురంటే వీటికి మహా చురుకు, పొద్దుటి ఆకాశంలో ఉన్నది ఆ వెలుతురే. ఇవి కబురు పంపగానే మెదడు మెలటోనిన్ అనే రాత్రి హార్మోన్‌ని ఆపేస్తుంది. పైగా చిన్నపిల్లల కంటి కటకం అద్దంలా తేటగా ఉంటుంది, కంటిపాప పెద్దగా తెరుచుకుంటుంది, అందుకని మనకంటే వాళ్ళ కళ్ళలోకి ఎక్కువ వెలుతురు పోతుంది. రెప్పలు మూసుకున్నా కొంత లోపలికి వెళ్తూనే ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. పొద్దున్నే పడే వెలుతురు ఆ ఒక్క రోజు లేపి ఊరుకోదు, ఒంట్లోని గడియారాన్నే కాస్త ముందుకు జరుపుతుంది. అంటే ఇవాళ ఐదింటికి చూసిన వెలుతురు రేపటికి అలారం పెట్టేసినట్టే.

కాబట్టి సందులు మూయండి. కర్టెన్ కిటికీ కంటే అన్ని వైపులా ఓ జానెడు ఎక్కువ ఉండాలి, పక్కన అంచులు గోడకి ఆనుకునేలా వెల్‌క్రో పట్టీలు వేయొచ్చు. కడ్డీ పైన సందుంటే పాత దుప్పటి మడత పెట్టి కప్పినా సరిపోతుంది. నన్నడిగితే అన్నిటికంటే చవకా, అన్నిటికంటే బాగా పనిచేసేదీ అట్టపెట్టె. కిటికీ చట్రం కొలతకి రెండు పొరలుగా కత్తిరించి, పొద్దుపోయాక లోపల బిగించి, పొద్దున్న తీసేయడమే. చూడ్డానికి అందంగా ఉండదు, ఉండక్కర్లేదు. అయితే నల్ల కాగితాన్ని గాజుకే అంటించేసి వదిలేయకండి, ఎండకి గాజు ఒకచోట బాగా వేడెక్కి పగిలే ప్రమాదముంది. తలుపు కింద సందు, పైన వెంటిలేటర్, ఛార్జర్ మీద మెరిసే నీలం చుక్క, వీటినీ చూడండి. వెంటిలేటర్‌కి అట్ట పెట్టినా గాలి ఆడే దారి ఇంకోటి ఉంచండి, ఉక్కపోస్తే అసలే పడుకోరు. చేయి ముందుకు చాచి వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఇంకా వెలుతురున్నట్టే. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, లాగే తాళ్ళున్న బ్లైండ్స్ ఏవైనా ఉంటే ఆ తాళ్ళు పిల్లలకి అందకుండా పైకి కట్టేయండి, మంచం కిటికీకి దూరంగా జరపండి. ఆ తాళ్ళు మెడకి చుట్టుకుని పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఇక మిగతా సగం. ఇది చెప్తే మీకు కోపం రావచ్చు. పాలు, హాలు, ఫోన్లో బొమ్మలు, పక్కనే అమ్మ. ఐదింటికి లేచినందుకు మీ వాడికి రోజూ జీతం ముడుతోందండీ! ఏడింటికి లేస్తే వాడికి ఇవన్నీ దొరుకుతాయా? రోజూ అదే టైమ్‌కి పాలు పడితే ఆకలి కూడా అదే టైమ్‌కి అలవాటవుతుంది. ఫోన్ తెర ఎలాగూ మొహానికి దగ్గరగా పెట్టిన వెలుతురే. కిటికీకి ఎంత మందం గుడ్డ కడితే మాత్రం ఏం లాభం, వాడికి లేవడానికి ఇంత మంచి కారణం ఉన్నాక.

ఇకనుంచి వాడు పిలిచినప్పుడు వెళ్ళండి, ఏడిపించమని నేను అనట్లేదు. లైటు మాత్రం వేయొద్దు. ‘ఇంకా రాత్రే నాన్నా, పడుకో’ అని ఆ ఒక్క ముక్కే చెప్పి, పక్కన కూర్చుని జోకొట్టండి. కథలొద్దు, కబుర్లొద్దు, మీరెంత విసుగ్గా ఉంటే అంత మంచిది. పేచీ పెడతాడు, పెట్టనివ్వండి. మొదటి రెండు మూడు రోజులు ఐదుంబావు దాకానే లాగండి, తర్వాత ఐదు ఇరవై ఐదు, ఆ తర్వాత ఐదు నలభై. వాడు మళ్ళీ నిద్రపోకపోయినా ఓడిపోయినట్టు కాదు, చీకట్లో దొర్లుతున్నంతసేపూ గడియారానికి వెలుతురు అందట్లేదు కదా, మనకి కావల్సింది అదే. అనుకున్న టైమ్ అవగానే మాత్రం మీరే ఆర్భాటంగా కర్టెన్ లాగేసి, ‘తెల్లారిందోయ్!’ అనాలి. తెల్లారిందని చెప్పాల్సింది మీరు, కిటికీ కాదు. పాలు అప్పుడు, అదీ లేచిన పది నిమిషాలకి. ఫోన్ అప్పుడూ వద్దు.

ప్రశ్న: మా పాపకి మూడేళ్ళు. ఎనిమిదింటికి పడుకుని ఐదింటికి లేస్తుంది. రాత్రి పదింటిదాకా ఆడించి పడుకోబెడితే అదే ఏడింటిదాకా పడుకుంటుంది అని మా అత్తగారు. నాలుగు రోజులు అలాగే చేశాను. ఐదింటికే లేచింది, పైగా రోజంతా ఏడుపు. ఇంట్లో రోజూ దీని మీదే వాదన. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ కాదు, మీ అత్తగారి ఆలోచనలో సగం నిజముంది. ఒంట్లో గడియారం మీరు పడుకోబెట్టిన టైమ్‌ని పట్టి కాదు, వెలుతురుని పట్టీ రోజూ జరిగే పనుల్ని పట్టీ నడుస్తుంది. నాలుగు రోజులు ఒకేసారి రెండు గంటలు వెనక్కి తోస్తే గడియారం కదల్లేదు, నిద్ర మాత్రం రెండు గంటలు తెగింది. అందుకే ఆ ఏడుపు.

ముందు ఒక వారం కాగితం మీద లెక్క రాయండి, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, పగలు ఎంతసేపు పడుకుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం పగటి నిద్రతో కలిపి 4 నుంచి 12 నెలల పిల్లలకి రోజుకి 12–16 గంటలు, 1–2 ఏళ్ళవాళ్ళకి 11–14, 3–5 ఏళ్ళవాళ్ళకి 10–13 గంటలు కావాలి. మీ పాప రాత్రి 9 గంటలు, పగలు ఓ రెండు గంటలు పడుకుంటుంటే మొత్తం 11. దానికి అది చాలేమో కూడా! అప్పుడు మనం చేయాల్సింది నిద్ర పెంచడం కాదు, ఉన్న నిద్రని మొత్తంగా వెనక్కి జరపడం. పగలు మరీ రెండున్నర, మూడు గంటలు పడుకుంటుంటే మాత్రం రాత్రి నిద్రని పగలే తినేస్తోందన్నమాట, అక్కడ అరగంట కోయొచ్చు.

జరపడం ఎలాగంటే, మూడు రోజులకి పావుగంట చొప్పున. పడుకునే టైమ్ ఒక్కటే కాదు, స్నానం, రాత్రి భోజనం, మధ్యాహ్నం పడుకోవడం, అన్నీ కలిసి జరగాలి. ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళ్ళడానికి పన్నెండు రోజులు పడుతుంది, తొందరపడొద్దు. ఇక్కడ వెలుతురు మనకి పనికొస్తుంది. పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకి లాగితే, సాయంత్రం వెలుతురు వెనక్కి లాగుతుంది. కాబట్టి సాయంత్రం పొద్దుగూకే దాకా బయట ఆడుకోనివ్వండి, పొద్దున్న అనుకున్న టైమ్ దాకా చీకట్లో ఉంచండి. చాలామంది సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు, పొద్దున్నే లేచారు కదా అని ఆరింటికే పిల్లల్ని ఎండలో వాకింగ్‌కి తీసుకెళ్ళి, సాయంత్రం ఉక్కగా ఉందని కర్టెన్లు వేసి ఇంట్లో కూర్చోబెడతారు. అలా చేస్తే ఈ వేసవంతా ఐదింటికే లేస్తారు.

ఒక షరతు. మీ పాప లేచిన రెండు గంటలకే కళ్ళు నలుపుకుంటూ, సాయంత్రమయ్యేసరికి చిన్నదానికీ పెద్దదానికీ ఏడుస్తూ, బండి ఎక్కగానే తల వాల్చేస్తుంటే, దానికి నిద్ర చాలట్లేదని. అలాంటి పిల్లకి టైమ్ వెనక్కి జరపొద్దు, కొన్నాళ్ళు ఇంకో అరగంట ముందే పడుకోబెట్టండి. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, బాగా అలసిపోయిన పిల్లలు ఒక్కోసారి మరీ పెందలాడే లేస్తారు. అది తీరాక అప్పుడు పావుగంటల లెక్క మొదలుపెట్టండి. ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి, ఆవిడ మాట సగం గెలిచింది కాబట్టి ఒప్పుకుంటారు.

ప్రశ్న: అమ్మాయీ, నేను ఇద్దరు మనవళ్ళ తాతని. మా రోజుల్లో పిల్లలం సూర్యుడితో పాటే లేచేవాళ్ళం. ఇప్పుడు కిటికీలకి అట్టలు కొట్టి, పిల్లల్ని బలవంతాన పడుకోబెట్టడం ఏమిటి? పెందలాడే లేవడం మంచి అలవాటు కదా?

జవాబు: మంచి అలవాటే తాతయ్య గారూ. కానీ ఆ రోజుల్లో మీరు సూర్యుడితో పాటే పడుకునేవారు కూడా! దీపం పెట్టిన కాసేపటికే తిని, కథ వింటూ పడుకుంటే ఐదింటికి లేచినా తొమ్మిది, పది గంటల నిద్ర దక్కేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఇల్లంతా ట్యూబ్‌లైట్లు, టీవీ, పక్కింటి సందడి. ఒక కొసన పెంచేసి రెండో కొసన పాత లెక్కే ఉంచితే మధ్యలో తెగేది పిల్లల నిద్రే.

పైగా సూర్యుడు అందరికీ ఒకేలా ఉదయించడు. భూమధ్యరేఖ దగ్గర ఏడాదంతా పగలు 12 గంటల చిల్లర, పెద్దగా మారదు. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర నడి వేసవిలో పగలు 16 గంటలు దాటుతుంది, 60 డిగ్రీల దగ్గర దాదాపు 19 గంటలు. అక్కడ పిల్లలు సూర్యుడితో పాటే లేస్తే ఇక పడుకునేదెప్పుడు? ఎక్కడైనా సూర్యుడు కనిపించకముందే ఆకాశం తెల్లబడుతుంది, పక్షులు అంతకంటే ముందే మొదలుపెడతాయి.

మీ ఇంట్లో అందరూ ఎనిమిదింటికే లైట్లు ఆర్పి పడుకుని, పిల్లలు ఐదింటికి హుషారుగా లేచి రోజంతా చలాకీగా ఉంటుంటే అట్టలు తీసేయమనండి, నేను మీ వైపే. చిన్నపిల్లలు సహజంగానే పొద్దున్నే లేచే రకం, ఎనిమిదిన్నర దాకా పడుకోవాలనుకోవడం తల్లిదండ్రుల దురాశ. ఆరు, ఆరున్నర అంటే న్యాయమైన కోరిక. ఇదే మనవళ్ళు పదిహేనేళ్ళకి పది దాటినా లేవరు, అప్పుడు మళ్ళీ ఉత్తరం రాద్దురుగాని.

ప్రశ్న: మా పాపకి తొమ్మిది నెలలు. నాలుగూముప్పావుకి లేస్తుంది, పాలిస్తే ఒక్కోసారి మళ్ళీ పడుకుంటుంది, ఒక్కోసారి లేదు. పడుకోకపోతే ఏడింటికే కునుకు తీస్తుంది. దీనికీ చీకటి చేయాలా?

జవాబు: చీకటి చేయండి, అది ఏ వయసుకైనా మంచిదే. కానీ తొమ్మిది నెలల పిల్ల దగ్గర నేను ముందు చూసేది ఆ ఏడింటి కునుకు. రెండు గంటలకే తీసే ఆ కునుకు నిజానికి రాత్రి నిద్రలో తెగిపోయిన ముక్క, కాస్త ఆలస్యంగా అతుక్కుందంతే. రాత్రి నిద్ర అక్కడ పూర్తవుతుందని తెలిశాక ఒళ్ళు దానికే అలవాటు పడిపోతుంది. దాన్ని రెండు రోజులకి పది నిమిషాల చొప్పున ఎనిమిదింపావు, ఎనిమిదిన్నర దాకా తోయండి.

పాల విషయంలో పెద్దపిల్లలకి చెప్పినంత పట్టుదల వద్దు. కొందరికి ఈ వయసులోనూ తెల్లవారుజామున నిజంగానే ఆకలేస్తుంది. పగలు సరిపడా తాగి, తిని, బరువు పెరుగుతుందని మీ పిల్లల డాక్టర్ అంటే అప్పుడు మెల్లగా తగ్గించండి. ఇచ్చినా చీకట్లోనే, మాటల్లేకుండా ఇవ్వండి. ఇంకోటి, చేయి పెట్టి చూడండి, ఆ టైమ్‌కి కాళ్ళు చల్లబడుతున్నాయేమో. రాత్రి పది గంటలకి ఉక్కగా ఉందని ఫ్యాన్ పెంచి, ఏసీ తగ్గించి పడుకుంటాం, నాలుగింటికి గది ఒక్కసారిగా చల్లబడుతుంది, పిల్ల ఒంటి మీద ఏమీ ఉండదు. ఏడాది లోపు పిల్లల పక్కలో దుప్పట్లు, దిండ్లు, బొమ్మలు ఉంచకూడదు కాబట్టి కప్పకండి, పల్చటి పూర్తి చేతుల చొక్కా వేయండి, ఫ్యాన్ తగ్గించండి. కళ్ళకి గంతల్లాంటి మాస్కులు అసలే వద్దు.

పక్షుల గోల ఎక్కువైతే ఫ్యాన్ హోరు చాలు. శబ్దం చేసే యంత్రాలు కొనేవాళ్ళు వాటిని గదికి అవతలి చివర, చిన్న సౌండ్‌తో పెట్టండి, తల పక్కన కాదు. కొన్ని యంత్రాలు చెవులకి మంచిది కానంత గట్టిగా మోగుతాయి.

ప్రశ్న: నాలుగేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప ఒకే గదిలో పడుకుంటారు. బాబు లేచి పాపని లేపేస్తాడు. రంగు మారే లైటున్న గడియారం కొందామా?

జవాబు: బాబు కోసం కొనండి, పాపకి అది బొమ్మ మాత్రమే. రెండున్నర, మూడేళ్ళు దాటాకే ‘పచ్చ లైటు వస్తే లేవాలి’ అన్నది బుర్రకెక్కుతుంది. రాత్రంతా వెలిగే రంగు ఎర్రదో, మసక నారింజదో అయ్యుండాలి, నీలం, తెలుపు వద్దు. కారణం పైన చెప్పాను.

అందరూ చేసే పొరపాటు, మొదటి రోజే గడియారం ఆరున్నరకి పెట్టేయడం. ఐదింటికి లేచే పిల్లాడికి గంటన్నర అంటే ఒక యుగం. వాడు పది నిమిషాలు చూస్తాడు, లైటు మారదు, ఇది పనిచేయని వస్తువని తీర్మానించేస్తాడు. వాడు లేచేది ఐదుకైతే లైటు ఐదూ ఐదుకి పెట్టండి. ఐదు నిమిషాలు ఆగినందుకే పెద్ద పండగ చేయండి. మూడు రోజులు గెలిచాక పది నిమిషాలు పెంచండి. వాడు గెలుస్తూ ఉండాలి, అంతే.

మా పెద్దాడు గడియారం వెనక బటన్ కనిపెట్టి లైటు వాడే మార్చుకున్నాడు ఒకరోజు. కాబట్టి కాస్త ఎత్తులో పెట్టండి. ఇంట్లో ఇంకో చోటుంటే రెండు వారాల పాటు బాబుని మీ పక్కన పడుకోబెట్టుకోండి, పాపకి అలవాటు చెడకుండా ఉంటుంది.

ప్రశ్న: పిల్లలకి మెలటోనిన్ గమ్మీలు దొరుకుతున్నాయట. ఒకటి ఇస్తే పొద్దున్న ఇంకో గంట పడుకుంటారా?

జవాబు: వద్దండీ. అది నిద్ర పట్టడానికి సంబంధించిన హార్మోన్, తెల్లవారుజామున నిద్ర నిలబెట్టేది కాదు, అంటే మీ సమస్యకి మందే కాదు. పైగా 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలు పరీక్షిస్తే 22 డబ్బాల మీద రాసిందొకటి, లోపలున్నది ఒకటి అని తేలింది. ఒకదాంట్లో అసలు మెలటోనినే లేదు! డాక్టర్ చూసి, కారణం ఉండి రాస్తే అది వేరే సంగతి.

ప్రశ్న: అట్టలు పెట్టాం, లైటు వేయట్లేదు, ఫోన్ మానేశాం. మూడు రోజులు ఐదున్నర దాకా బాగానే లాగాం. నాలుగో రోజు బాబు ఏడుపు చూడలేక మా ఆయన జాలిపడి ఫోన్ ఇచ్చేశారు. ఐదో రోజు నాలుగున్నరకే లేచాడు! అసలు ఎన్నాళ్ళు పడుతుంది?

జవాబు: రెండు, మూడు వారాలు. ఒంట్లో గడియారం రోజుకి నిమిషాల లెక్కన కదులుతుంది, మధ్యలో పళ్ళు రావడం, జలుబు, ప్రయాణం ఏదో ఒకటి వచ్చి రెండు రోజులు పాడవుతుంది, అవి లెక్కలో వేసుకోకండి. ఒక్కో రోజుని పట్టి టెన్షన్ పడొద్దు, వారానికోసారి కాగితం చూసుకోండి. మూడు వారాల తర్వాత కూడా ఏమీ కదలకపోతే, లేదా బాబు గట్టిగా గురక పెడుతున్నా, నోటితో ఊపిరి పీలుస్తున్నా, నిద్రలో ఊపిరి ఆగి మళ్ళీ తీసుకుంటున్నట్టున్నా, కాళ్ళు ఊరికే ఆడిస్తూ, గోక్కుంటూ దొర్లుతున్నా, అట్టలతో అయ్యే పని కాదు, డాక్టర్‌కి చూపించండి. ఐరన్ తక్కువైతే కూడా పిల్లలు నిద్రలో కుదురుగా ఉండరు. గురక, కాళ్ళు ఆడించడం లాంటివి కనిపిస్తే మూడు వారాలు ఆగక్కర్లేదు, ముందే వెళ్ళండి.

మీ ఆయన సంగతికొస్తే, పాపం ఆయన చేసింది ప్రేమతోనే. కానీ రోజూ ఇచ్చే ఫోన్ కంటే అప్పుడప్పుడు ఇచ్చే ఫోన్ ఇంకా ప్రమాదం. రోజూ దొరికితే వాడికి అది మామూలు, నాలుగు రోజులు ఏడ్చాక ఒకరోజు దొరికితే ఏడిస్తే దొరుకుతుందని ఖాయమైపోతుంది. అందుకే ఐదో రోజు ఇంకో అరగంట ముందే డ్యూటీకి దిగాడు. ఇవాళ్టిని మొదటి రోజు కింద లెక్కేసుకోండి. వారంలో మూడు రోజులు మీరు, మూడు రోజులు ఆయన అని వంతులు పెట్టుకోండి, ఏడో రోజు ఎవరికి ఓపికుంటే వాళ్ళు. ఇద్దరూ అదే ఒక్క ముక్క చెప్పాలి, ‘ఇంకా రాత్రే, పడుకో.’ ఫోన్ని మాత్రం ఆయన దిండు కింద కాకుండా, తలుపు వేసి ఉండే వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టమనండి. తెల్లారగట్ల అంత దూరం నడిచి వెళ్ళి తేవాలంటే ఎంత జాలి ఉన్నా కాస్త తగ్గుతుంది.